నీటి దారి తెలిసిన చెయ్యి

డిష్‌వాషర్ బాగుచేయడానికి వచ్చిన మనిషి పనితనం ఎంతటిదో తెలియాలంటే, ఆయన సంచి ఎప్పుడు విప్పుతాడో చూడాలి. నోయిడాలో మా వదిన ఇంటికి వచ్చిన మెకానిక్ సంచిని గుమ్మం పక్కన ఆనించి, యంత్రం ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుని, ముందు ప్రశ్నలడిగాడు. తర్వాత ఒక బకెట్ తెమ్మన్నాడు. స్క్రూడ్రైవర్ బయటికి వచ్చేసరికి లోపం ఎక్కడుందో ఇంట్లో అందరికీ తెలిసిపోయింది. ఆయన చేసిన ప్రతి పనికీ ఒక కారణం ఉంది. ఆ కారణాలను తీరుబడిగా చెప్పుకోవడానికే ఈ వ్యాసం.

వచ్చిన కష్టం ఇది. బటన్ నొక్కగానే యంత్రం కాసేపు గురగురమని పాత నీరు తోడేస్తుంది. తర్వాత కొత్త నీరు పడుతున్న చప్పుడు. అది ఆగుతుంది, మళ్లీ మొదలవుతుంది, మళ్లీ ఆగుతుంది. గిన్నెల మీద నీళ్లు చిమ్మే చప్పుడు మాత్రం రాదు. చివరికి తెరమీద కుళాయి బొమ్మ వెలుగుతుంది: నీళ్లు రావడం లేదు, కుళాయి చూసుకోండి అని. యంత్రమే నోరు తెరిచి చెప్పాక ఎవరైనా కుళాయి వైపే చూస్తారు. అపార్ట్‌మెంట్ ప్లంబర్ వచ్చి, నీరు లోపలికి వచ్చే గొట్టం విప్పి, చివరనున్న చిన్న జాలీ కడిగి బిగించి వెళ్లాడు. ఫలితం లేదు. ఇన్‌లెట్ వాల్వ్ పోయింది, కొత్తది వేయాలి అన్నారు ఇంకొకరు. ఇల్లు అన్నిటికంటే పై అంతస్తులో ఉంది కాబట్టి ప్రెషర్ చాలడం లేదేమోనని మా అన్నయ్య అనుమానం.

అన్నయ్య అనుమానంలో అర్థం లేకపోలేదు. ఢిల్లీ చుట్టుపక్కల ఎత్తయిన అపార్ట్‌మెంట్లలో నీరు డాబా మీది ట్యాంకు నుంచి కిందికి దిగుతుంది. పది మీటర్ల ఎత్తు నీరు దాదాపు ఒక బార్ ఒత్తిడి ఇస్తుంది. కింది అంతస్తుల్లో ఒత్తిడి మరీ ఎక్కువై పైపులు పగలకుండా దాన్ని తగ్గించే వాల్వులు పెట్టాల్సి వస్తుంది. ట్యాంకు కిందనే ఉన్న పై అంతస్తుకు మాత్రం ఆ ఎత్తు దొరకదు. చాలా డిష్‌వాషర్లకు కనీసం అర బార్ కావాలి, అంటే అయిదు మీటర్ల ఎత్తు. నెత్తిమీద ట్యాంకు ఉండి కూడా నీళ్లకు కటకటలాడే ఇళ్లు ఈ ఊళ్లో చాలా ఉన్నాయి. బూస్టర్ పంపు పెట్టించుకునేది వాళ్లే.

మెకానిక్ ఈ మాటలన్నీ విన్నాడు. ఒక్కదాన్నీ కొట్టిపారేయలేదు. ఆయన అడిగినవి వేరు.

“చివరిసారి ఆగినప్పుడు సబ్బు బిళ్ల ఎలా ఉంది మేడమ్?”

“డబ్బాలోనే ఉంది భయ్యా, తడవనైనా లేదు.”

“గిన్నెలు?”

“పొడిగానే ఉన్నాయి.”

“ఈ మధ్య సింకు కింద ఎవరైనా చెయ్యి పెట్టారా?”

మూడో ప్రశ్న అడిగినప్పుడు దాని విలువ నాకు తెలియలేదు. మొదటి రెండింటితో ఆయన కార్యక్రమం ఏ దశలో ఆగిందో పట్టేశాడు. సబ్బు కరగలేదంటే అసలు కడుగుడు మొదలే కాలేదు. గిన్నెలు పొడిగా ఉన్నాయంటే చిమ్మే పంపు ఒక్కసారి కూడా సరిగా తిరగలేదు. అంటే లోపం మొదటి నీరు నిండే చోటే ఉంది. హీటరు, సబ్బు డబ్బా, ఆరబెట్టే ఏర్పాటు, ఇవన్నీ ఆ రెండు జవాబులతో లెక్కలోంచి పోయాయి. యంత్రాన్ని ముట్టుకోకుండానే సగానికి పైగా దాన్ని పక్కన పెట్టేశాడు.

అప్పుడు బకెట్. కుళాయి కట్టి, లోపలికి నీరు తెచ్చే గొట్టాన్ని విప్పి, కుళాయిని నేరుగా పది లీటర్ల బకెట్లోకి తిప్పి, ఫోన్లో గడియారం పెట్టాడు. నిమిషానికి కనీసం పది లీటర్లు రావాలని కొన్ని యంత్రాల పుస్తకాల్లో ఉంటుంది. బకెట్ నిమిషం తిరక్కముందే నిండింది. ఒత్తిడి కొలిచే మీటరు లేకుండా, గృహస్థుల కళ్లముందు, వాళ్లకు అర్థమయ్యే కొలతతో ప్రెషర్ అనుమానాన్ని తీర్చేశాడు. “నీళ్లు బాగానే వస్తున్నాయి సార్” అని మా అన్నయ్యతో అని గొట్టం మళ్లీ బిగించాడు.

తర్వాత చేసిన పరీక్షే నాకు అన్నిటికంటే నచ్చింది. సింకు కింద తలుపు తీసి, మురుగు నీరు బయటికి తెచ్చే గొట్టం కోసం వెతికాడు. అది నేలమీద పాకుతూ వెళ్లి నేల తూము జాలీ లోపలికి దూరి ఉంది. ఆయన కొసను పైకి లాగి, జాలీ పక్కనే నేలమీద ఉంచి, యంత్రాన్ని మొదలుపెట్టమన్నాడు. పాత నీరు తోడే పంపు గురగురమంది, ఆగింది. కొత్త నీరు పడటం మొదలైంది. పంపు నిశ్శబ్దంగా ఉంది. అయినా గొట్టం కొస నుంచి నీళ్లు సన్నటి ధారగా వస్తూనే ఉన్నాయి. ఆయన మా వదిన చేత ఆ ధార కింద వేలు పెట్టించాడు. చల్లగా, తేటగా ఉంది. మురుగు కాదు, అప్పుడే కుళాయి నుంచి లోపలికి వెళ్లిన నీరు.

యంత్రాన్ని ఆపి, అదే గొట్టం కొసను పైకెత్తి, గట్టు మీద పెట్టిన బకెట్లో వేసి మళ్లీ మొదలుపెట్టించాడు. ఈసారి ధార లేదు. కొద్దిసేపటికి లోపల స్ప్రే చేతులు తిరుగుతూ నీళ్లు చిమ్మే చప్పుడు వినిపించింది. వచ్చే నీటికీ పోయే నీటికీ ఒకటే బకెట్ సాక్ష్యం చెప్పింది. నీళ్లు రావడం లేదని యంత్రం చెప్పింది. నిజానికి వచ్చినవి వచ్చినట్టే బయటికి పోతున్నాయి.

ఇది ఎలా జరుగుతుందో కొంచెం చెప్పుకోవాలి. తొట్టె అడుగున ఒక గుంట ఉంటుంది, కడిగిన నీరంతా అక్కడికే చేరుతుంది. ఆ గుంట పక్కన తోడే పంపు. పంపు దాటాక ఒక రబ్బరు రెక్క: బయటికి వెళ్లిన నీరు వెనక్కి రాకుండా చూడటం దాని పని. బయటికి వెళ్లే నీటికి అది అడ్డు చెప్పదు. తిరగనప్పుడు పంపు కూడా అడ్డు చెప్పదు, రెక్కల సందుల్లోంచి నీరు జారిపోతుంది. కాబట్టి నీటిని లోపల నిలిపి ఉంచేది ఒకే ఒక్కటి, గొట్టం ఎక్కే ఎత్తు. గొట్టం పైకి ఎక్కి దిగితే లోపలి నీటి మట్టం ఆ వంపును దాటలేదు. వంపు లేకుండా నేలమీద పడి ఉంటే నీరు పల్లానికి పోతుంది. వంపు ఉన్నా, కొస నేల తూములోకి బాగా దిగి ఉంటే, ఒకసారి పంపు గొట్టం నింపాక సైఫన్ పట్టుకుని లాగేస్తూ ఉండొచ్చు. ఈ యంత్రంలో నీటి మట్టాన్ని ఒక ప్రెషర్ స్విచ్ కనిపెట్టుకుని ఉంటుంది. ఎంతసేపు పోసినా మట్టం రాకపోతే దానికి తెలిసేది ఒకటే: నీళ్లు చాలలేదు. అందుకే కుళాయి బొమ్మ వేసింది. అది అబద్ధం చెప్పలేదు, దానికి కనబడినంతే చెప్పింది.

తెరమీది సంకేతాలన్నిటికీ ఈ హద్దు ఉంది. బాష్, సీమెన్స్ యంత్రాల్లో ఈ-24 వస్తే మురుగు నీరు పోవడం లేదని, ఈ-25 అంటే తోడే పంపుకు ఏదో అడ్డుపడిందని లేదా దాని మూత సరిగా కూర్చోలేదని, ఈ-15 అంటే అడుగు పళ్లెంలో నీరు చేరిందని అర్థం. ఎల్‌జీలో మురుగు కష్టానికి ఓఈ. ఇవి యంత్రానికి తగిలిన నొప్పి ఎక్కడో చెబుతాయి. నొప్పికి కారణం వెతకడం మనిషి పని, ఆ పనిలోనే మెకానిక్‌కూ పార్టులు మార్చేవాడికీ తేడా తెలుస్తుంది.

మూడో ప్రశ్నకు జవాబు వదినకు అప్పుడు గుర్తొచ్చింది. కొన్ని రోజుల కిందట ఆర్ఓ ఫిల్టర్లు మార్చడానికి ఒకతను వచ్చి, సింకు కింద చోటు చాలక, డిష్‌వాషర్ గొట్టాన్ని క్లిప్పు నుంచి ఊడదీసి, ఆర్ఓ వదిలేసే నీటి గొట్టంతో పాటు నేల తూములోకి దోపి వెళ్లాడు. ఢిల్లీ ప్రాంతంలో ఆర్ఓ లేని వంటిల్లు అరుదు. సింకు కింద అంగుళం అంగుళానికీ పోటీ ఉంటుంది. ఒక పనివాడు తన పని సజావుగా చేసుకుని వెళ్తూ ఇంకో యంత్రానికి జబ్బు అంటించి పోవడం ఈ ఇరుకులో జరిగేదే. మెకానిక్ దీన్ని ఎన్నిసార్లు చూసి ఉంటే ఆ ప్రశ్న అంత ముందుగా అడిగి ఉంటాడు!

సంచి అప్పుడు విప్పాడు. గొట్టాన్ని గట్టు అడుగు దాకా పైకి తీసుకెళ్లి, కొత్త క్లిప్పుతో చెక్కకు బిగించి, అక్కడినుంచి కిందికి దించి సింకు బాటిల్ ట్రాప్ ముక్కుకు తగిలించాడు. గొట్టం ఎత్తుకు సాధారణంగా సుమారు 40 సెంటీమీటర్ల నుంచి మీటరు దాకా అని హద్దు ఉంటుంది. తక్కువైతే నీరు జారిపోతుంది. మరీ ఎక్కువైతే ఆ చిన్న పంపు ఎత్తలేదు. తగిలించేముందు ముక్కులో వేలు పెట్టి చూశాడు. కొన్ని కొత్త ట్రాపుల ముక్కుకు పల్చటి ప్లాస్టిక్ పొర ఉంటుందట, దాన్ని కోసి తీయాలి. తీయడం మరిచిపోయి గొట్టం బిగించి వెళ్లిపోయిన ఇళ్లలో కొత్త యంత్రం మొదటిరోజే నీరు పోక నిలిచిపోతుంది.

వచ్చిన పని అయిపోయింది. కానీ ఆయన లేవలేదు. “ఎలాగూ ఆపేం కదా మేడమ్, పంపు కూడా చూసేద్దాం” అన్నాడు. ప్లగ్గు పీకాడు. స్విచ్ కట్టేస్తే చాలదు, గుంటలో చెయ్యి పెట్టేముందు ప్లగ్గు పీకాల్సిందే అని మా అన్నయ్యకు ప్రత్యేకంగా చెప్పాడు.

గుంట మీది జాలీ తీసే పద్ధతిలోనూ ఒడుపు ఉంది. మనం మామూలుగా స్థూపాకారపు జాలీని తిప్పి లాగేస్తాం. దానిమీద పేరుకున్న చెత్తంతా అప్పుడు గుంటలోకి జారి నేరుగా పంపు నోట్లో పడుతుంది. శుభ్రం చేద్దామని చేసిన పనే పంపును ఆపేస్తుంది. ఆయన ముందు స్పాంజితో నిలిచిన నీరు పీల్చి, పైన కనబడే చెత్త ఏరి, అప్పుడు జాలీ తిప్పాడు. లోపల మన తెలుగింటి పోపు అంతా ఉంది: ఆవాలు, కరివేపాకు ఈనెలు, చింతపండు పీచు. ఈ యంత్రాన్ని తయారుచేసిన దేశాల్లో కరివేపాకు ఈనె ఎవరి లెక్కలోనూ ఉండి ఉండదు. అది గట్టిది, సన్నది, పంపు ఇరుసుకు చుట్టుకుంటే వదలదు. గిన్నెలు పెట్టేముందు పూర్తిగా కడగక్కర్లేదు, ఈనెలు మాత్రం తుడిచేయండి అన్నాడు.

గుంట పక్కన పంపు మూత. దాన్ని తీయడానికి ఆయన మా వదినను ఒక చెంచా అడిగాడు. నేను ఆశ్చర్యపోయాను గానీ ఇది ఆయన సొంత తెలివి కాదు, కొన్ని యంత్రాల పుస్తకాల్లోనే ఆ మూతను చెంచాతో మీటి తీయమని ఉంటుంది. ఈ ఒక్క వివరం దగ్గర ఆ యంత్రం గీసిన ఇంజనీరుకు నమస్కారం పెట్టాలనిపిస్తుంది. లోపలి భాగం ఏదో ఒకనాడు అడ్డుపడుతుందని ముందే ఊహించి, దాన్ని తీసే పనిముట్టు ప్రతి వంటింట్లో ఉండేదై ఉండాలని అనుకున్నాడాయన. లోపల గాజు పెంకు ఉండొచ్చు, వేళ్లతో తడమకూడదు. చెంచా వాడమనడానికి అదీ ఒక కారణం.

మూత తీశాక పంపు రెక్క కనబడింది. ఆయన దాన్ని చెంచా కొసతో తిప్పాడు. కొంత దూరం తేలిగ్గా తిరిగి, తర్వాత టక్కున ఆగి, మళ్లీ ఒక గెంతు వేసి కదిలింది. అది పట్టేసినట్టు నాకు అనిపించింది. “ఇదే మంచి పంపు” అన్నాడు. దాని వెనక కథ బాగుంటుంది. ముప్ఫై వాట్ల చుట్టుపక్కల ఉండే ఈ చిన్న సింక్రనస్ మోటార్లలో రోటరు ఒక శాశ్వత అయస్కాంతం. అయస్కాంతం తనకు నచ్చిన చోట ఆగాలని చూస్తుంది, అందుకే ఆ గెంతులు. పైగా ఇలాంటి మోటారు ఎటువైపు తిరగడం మొదలుపెడుతుందో దానికే తెలియదు. ఒకరోజు కుడికి, ఒకరోజు ఎడమకు. అలాంటప్పుడు రెక్కలు వంకరగా ఉంటే ఒకవైపు తిరిగినప్పుడే నీరు సరిగా తోడుతుంది. కాబట్టి రెక్కలు తిన్నగా, చక్రపు ఆకుల్లాగా పెట్టారు: ఎటు తిరిగినా తోడుతుంది. మొదట తేలిగ్గా తిరిగిన ఆ కొంత దూరం కూడా కావాలని పెట్టిందే. రోటరు ముందు భారం లేకుండా కదిలి ఊపందుకుని, అప్పుడు రెక్కను పట్టుకుని తిప్పుతుంది. చవకైన మోటారు బలహీనతలను ఒక్కొక్కటిగా తెలుసుకుని, ఖర్చు పెంచకుండా ఆకారంతోనే సర్దిన పనితనం ఇది. ఈ గెంతులు చూసి పంపు పోయిందని కొత్త పంపు అంటగట్టేవాళ్లు ఉన్నారు. కొత్త పంపు కూడా అలాగే గెంతుతుంది.

కింది పలక ఊడదీసి ఫోన్ లైటు వేసి అడుగు పళ్లెం చూశాడు. పొడిగా ఉంది. ఆ పళ్లెంలో ఒక థర్మోకోల్ ముక్క ఉంటుంది. ఎక్కడైనా కారి నీరు చేరితే అది తేలి, ఒక చిన్న స్విచ్‌ను నొక్కుతుంది. నీరు రావడం ఆగిపోతుంది, తోడే పంపు ఆగకుండా తిరుగుతుంది. పంపు మొత్తుకుంటూనే ఉంటే ఇంట్లోవాళ్లు పంపునే తిడతారు, నిజానికి అది ఇంటి నేలను కాపాడుతోంది. యంత్రాన్ని వెనక్కి వంచి ఆ నీరు పారబోస్తే సంకేతం పోతుంది, కారడం పోదు. సింకులో వాడే లిక్విడ్‌ను డిష్‌వాషర్లో పోసిన ఇళ్లలో నురుగు పొంగి కిందికి చేరి ఇదే జరుగుతుందని ఆయన చెప్పాడు.

ఢిల్లీ ఇళ్లలో ఈ యంత్రాలు ఎక్కువగా కనబడటం 2020 లాక్‌డౌన్ తర్వాతే. పనిమనుషులు రాలేని ఆ నెలల్లో చాలామంది కొన్నారు. మా మెకానిక్ వాషింగ్ మెషీన్ల నుంచి ఇటు వచ్చినవాడు. డిష్‌వాషర్ అనే యంత్రం మాత్రం పాతదే. అమెరికాలో ఇలినాయ్ రాష్ట్రపు షెల్బీవిల్‌లో జోసెఫిన్ కాక్రన్ అనే ఆవిడ, జార్జ్ బట్టర్స్ అనే మెకానిక్ సాయంతో తయారుచేసి, 1886 డిసెంబరు 28న పేటెంట్ పొందింది. పళ్లేల కొలతలు తీసి, వాటికి సరిపోయే తీగ గూళ్లు అల్లి, వాటిమీదికి నీటిని వేగంగా చిమ్మించడం ఆవిడ ఆలోచన. 1893 షికాగో ప్రదర్శనలో అది అందరి కళ్లలో పడింది. కొన్నవి మాత్రం హోటళ్లే. అప్పటి ఇళ్లలో అంత వేడినీరు లేదు, చాలాచోట్ల నీటిలో సున్నం ఎక్కువై సబ్బు నురగే వచ్చేది కాదు.

ఆ రెండో కష్టం నోయిడాకు బాగా తెలుసు. తూర్పు ఢిల్లీకి మురాద్‌నగర్ నుంచి గంగ నీరు సోనియా విహార్ ప్లాంటుకు వచ్చి అందుతుంది. నోయిడాలో గంగ నీటిలో భూగర్భ జలం కలుస్తుంది. బోరు వాటా పెరిగినకొద్దీ నీరు ఉప్పగా మారుతుంది, ఇక్కడివాళ్లు ఖారా పానీ అంటారు. తాగునీటిలో కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాములు దాటకపోవడం మంచిదని, వేరే నీరు లేకపోతే 600 దాకా సరేనని మన ఐఎస్ 10500 ప్రమాణం చెబుతుంది. మా అన్నయ్య దగ్గర టీడీఎస్ పెన్ను ఉంది, ఈ ఊళ్లో చాలా ఇళ్లలో ఉంటుంది. మెకానిక్ దాన్ని పక్కన పెట్టించాడు. నీటిలో కరిగిన లవణాలు విద్యుత్తును ఎంత పారిస్తాయో అది చూస్తుంది, కాల్షియం, మెగ్నీషియం ఎంతున్నాయో విడిగా చెప్పలేదు. యంత్రం లోపలి రెజిన్ పూసలు ఆ రెండింటినీ పట్టుకుని బదులుగా సోడియం వదులుతాయి. నీరు మెత్తబడుతుంది, పెన్ను అంకె మాత్రం దాదాపు మారదు.

ఆయన కాగితపు పట్టీ ఒకటి నీటిలో ముంచి రంగు చూశాడు. సుమారు 20 జర్మన్ డిగ్రీలు, అంటే లీటరుకు 350 మిల్లీగ్రాముల పైన. బిగించిన నాటి సెట్టింగు అంతకంటే చాలా తక్కువలో ఉంది. ఇన్నాళ్లూ గ్లాసుల మీద తెల్లమచ్చలు అందుకేనన్నమాట. బటన్లు నొక్కి అంకె పెంచాడు. గరాటుతో ఉప్పు పోశాడు. వంటింటి పొడి ఉప్పు కాదు, డిష్‌వాషర్ కోసం అమ్మే గరుకు ఉప్పు. వంటింటి ఉప్పులో గడ్డకట్టకుండా కలిపేవి రెజిన్‌కు పట్టేస్తాయి. అంచున ఒలికిన ఉప్పునీరు స్టీలు అడుగును తినేయకుండా వెంటనే ఖాళీ యంత్రాన్ని నడిపించాడు.

అది నడుస్తున్నంతసేపూ ఆయన సింకు కింద ఫోన్ లైటు వేసుకుని గొట్టం జాయింటు చూస్తూ కూర్చున్నాడు. పంపు తోడింది, ట్రాపులోకి నీరు దిగింది, చుక్క కారలేదు. లేస్తూ మా వదినకు క్లిప్పు చూపించాడు. “ఆర్ఓ అతను మళ్లీ వచ్చి వెళ్లాక ఒకసారి ఇక్కడ చూడండి మేడమ్. గొట్టం ఈ క్లిప్పులో ఉంటే నన్ను పిలవక్కర్లేదు.”